ఆవణి నెల సోదా

దర్శిని బీరువాలోకి పోలీసు కుక్క తల దూర్చి, పట్టుచీరల మధ్య ఒక్కసారి గట్టిగా తుమ్మింది.

"ఏమన్నా దొరికిందా సార్?" గుమ్మంలో నిలబడి బెదురుతూ అడిగాడు దర్శిని తండ్రి కృష్ణన్.

"కలరా ఉండలు," అన్నాడు ఎస్.ఐ. అయ్యసామి. మత్తుమందుల స్పెషల్ టీముకు ఆయనే పెద్ద. "మీ అమ్మాయి మత్తుబిళ్ళలు మింగుతుందని ఫోన్ వచ్చింది. చూడకుండా పోలేం కదా."

కృష్ణన్ భార్య సుందరవల్లికి ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డా? తలనొప్పికి మాత్ర ఇస్తేనే ఏడుస్తాది! ఆ ఫోను చేసినోడి నోట్లో మన్ను పడ!" అని ఇంటి తెలుగులో తిట్టి, ఎస్.ఐ. వైపు తిరిగి అరవంలో బతిమాలింది. "మాప్పిళ్ళవాళ్ళు పిల్లను చూసేదానికి వస్తా ఉండారు సార్. వాకిట్లో మీ జీపు చూస్తే ఏమనుకుంటారు?"

అరవనాటి అన్నూరులో పోలీసు జీపు ఆగిందంటే వీధంతా పని మానుకుని వచ్చి నిలబడుతుంది. అప్పటికే నిలబడింది కూడా. ఈడూ జోడూ కుదిరిన సంబంధం చేజారిపోతుందేమోనని కృష్ణన్ మాటిమాటికీ వీధి చివరికి చూస్తున్నాడు.

"ఏం చేయమంటారమ్మా? మీరు ఆషాఢమంటారే, ఆ ఆడి నెలంతా మాకు ఒక్క ఫోనూ లేదు. ఆవణి, అదే మీ శ్రావణం, పుట్టిందో లేదో, రోజూ ఫోన్లే. ఇంటి గుర్తులన్నీ చెప్తారు, సొంత పేరు మాత్రం చెప్పరు. పోయి చూస్తే అన్నీ మంచి కుటుంబాలే. మాకే అంతుపట్టడం లేదు," అని నిట్టూర్చాడు అయ్యసామి.

అంతలో వాకిట్లో కారు ఆగింది. పెళ్ళికొడుకు తండ్రి నాగరాజన్ పళ్ళతట్టతో దిగాడు. వెనకే కొడుకు శరత్‌కుమార్. అతన్ని చూడగానే కుక్క తోక ఊపింది. ఆ కంగారులో దాన్నెవరూ పట్టించుకోలేదు.

కృష్ణన్ ఎదురు పరుగెత్తాడు. "అన్నా, తప్పుగా అనుకోవద్దండి. ఎవరో కిట్టనోళ్ళు..."

నాగరాజన్ ఆయన్ని దాటుకుని నేరుగా ఎస్.ఐ. దగ్గరికి వెళ్ళాడు. "అంతా బాగా చూసినారా సార్? పిల్ల హ్యాండ్‌బ్యాగు?"

అయ్యసామి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "చూశాం. ఏమీ లేదు."

"స్కూటీ డిక్కీ?"

"అదీ చూశాం. అమ్మాయి బంగారమండి."

నాగరాజన్ ముఖం వెలిగిపోయింది. పళ్ళతట్ట తెచ్చి కృష్ణన్ చేతుల్లో పెట్టాడు. "ఇంకేమి సమ్మందీ, ఈ ఆవణిలోనే ముహూర్తం పెట్టేద్దాం!"

సుందరవల్లికి అప్పుడు వెలిగింది. కొంగు బిగించింది. "ఏమండి, ఫోను చేసింది ఈయనే! నా బిడ్డ మీదికి పోలీసోళ్ళను అంపుతాడా? నాలుగు మాటలు అడగనీయండి..."

కృష్ణన్ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు మూశాడు.

"గమ్మునుండవే! పోయిన వారం వాళ్ళింటికి ఈ కుక్కను అంపింది నేనే."