శనివారం మార్కులు

దేవుడి కృప ఉచితమైతే దానికి పరీక్ష ఎందుకని, పెళ్ళయి ఈ సంఘంలో అడుగుపెట్టినప్పటి నుంచీ కోడలికి అనుమానం. పదకొండేళ్ళుగా ఎవరినీ అడగలేదు. ఆ శనివారం మధ్యాహ్నం మందిరం వెనక గదిలో అత్త నాలుగోసారి పరీక్ష తప్పుతుంటే మాత్రం ఆ అనుమానం గొంతు దాకా వచ్చి కూర్చుంది.

బల్లకు అవతల పాస్టరు గారు, ఆయన పక్కన సంఘపెద్ద. బడిలో లెక్కలు చెప్పే ఆ పెద్దమనిషిని వెనకాల అందరూ సూత్రాల మాస్టారు అంటారు. సంఘం నమ్మే తొమ్మిది విశ్వాస సూత్రాలూ ఆయనకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. అవి వరసగా ఒప్పజెప్పి మాస్టారి సంతకం తెచ్చుకోనిదే బాప్తిస్మం లేదు. బాప్తిస్మం లేనిదే ప్రభువు బల్ల దగ్గర రొట్టె లేదు.

ఇవతల అత్త. ముప్పై ఏళ్ళుగా ఆ మందిరం ఊడ్చేది ఆవిడే. అప్పుడే పెరట్లో తొట్టికి గొట్టం పెట్టి వచ్చింది, చీర అంచు తడిసి ఉంది. మర్నాడు పొద్దున ఆ తొట్టిలో అయిదుగురు బాప్తిస్మానికి మునుగుతారు. మళ్ళీ ఏడాది దాకా లేదు. అత్తకు బుధవారం కడుపులో గడ్డకు ఆపరేషన్. డాక్టరు మాటల్లో భరోసా కనిపించలేదు. ఆసుపత్రికి వెళ్ళేలోపు ఒక్కసారైనా ఆ రొట్టె నోట పెట్టుకోవాలని ఆవిడ కోరిక. నెల రోజులుగా కోడలు కుట్టుమిషను తొక్కుతూనే పక్కన కూర్చోబెట్టి సూత్రాలు చదివించింది. రాత్రికి తొమ్మిదీ వచ్చేవి, తెల్లారేసరికి నాలుగు మిగిలేవి.

మాస్టారు మూడో సూత్రం అడిగాడు.

"యేసయ్య నాకోసం చనిపోయాడు, లేచాడు, మళ్ళీ వస్తాడు. నాకు తెలిసింది అదే మాస్టారూ," అంది అత్త.

అందులో మూడు, నాలుగు, తొమ్మిది కలిసిపోయాయని, వరస తప్పకూడదని మాస్టారు కాగితం మీద అడ్డగీత పెట్టాడు. త్రిత్వం గురించి చెప్పమన్నాడు. తండ్రి, కొడుకు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటేనంది అత్త. అదెలాగన్నాడు.

"నాకు తెలీదు. మీకు తెలుసా?"

ఆవిడ నిజంగా తెలుసుకుందామనే అడిగింది. పాస్టరు గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. వచ్చే ఏడాది చూద్దామని కాగితం మడిచేశాడు.

కోడలు కుర్చీ వెనక్కి తోసి లేచింది. వచ్చే ఏడాదికి మా అత్త ఉంటుందని సంతకం పెట్టి ఇస్తారా అని అడిగింది. నియమం అందరికీ ఒకటేనన్నాడు మాస్టారు.

"కృప ఊరికే వచ్చేదని ఆదివారం చెప్తారు. శనివారం కూర్చుని మార్కులు వేస్తారు. రెండిట్లో ఏది నమ్మమంటారు?"

శాంతం, శాంతం అన్నారు పాస్టరు గారు. ఆ మాటతో కోడలికి ఒళ్ళు ఇంకా మండింది. మీరు నిలబడి ప్రసంగించే చోట దుమ్ము తుడిచింది ఈవిడ కాదా, మీ ఆదివారానికి శనివారమంతా నడుం వంచింది ఈవిడ కాదా అని నిలదీసింది. పాస్టరు గారు మాస్టారి వైపు చూశారు. ఇలాంటప్పుడు ఆయన ఎప్పుడూ అటే చూస్తారు.

"ఊడిస్తే రక్షణ రాదమ్మాయ్. క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లే. అయిదో సూత్రం," అన్నాడు మాస్టారు.

"ఆవిడ రక్షణ కొనుక్కుందామని ఊడవలేదు. దుమ్ముందని ఊడ్చింది."

మాస్టారు అరచేత్తో బల్ల మీద కొట్టాడు. సంగతి తెలియకుండా మునిగితే ఒళ్ళు తడవడం తప్ప జరిగేదేమీ లేదన్నాడు. ఇరవై ఆరేళ్ళ కిందట, తెల్లారకముందే, గడ్డకట్టే చలిలో, మరో ఆరుగురితో కలిసి తాను ఈ తొట్టిలోనే మునిగానన్నాడు. అది కూడా తొమ్మిదీ పొల్లుపోకుండా ఒప్పజెప్పాకేనన్నాడు.

"మునగనివాళ్ళు ఈ సంఘంలో రొట్టె ముట్టరు. నేనుండగా ముట్టరు."

లోకంలో ఇదొక్కటే మందిరం కాదు, పద అత్తయ్యా అంటూ కోడలు సంచి భుజాన తగిలించుకుంది. ఇంకొక్క మాట మాట్లాడితే ఏడుపు వస్తుందని పంటి బిగువున ఆపుకుంది.

అత్త లేచింది. గుమ్మం వైపు మాత్రం వెళ్ళలేదు. మూలనున్న బీరువా తెరిచి, మర్నాటి కోసం ఉతికి పెట్టిన తెల్ల తువ్వాళ్ళు తీసింది. మునగబోయేవాళ్ళ చేతికి తువ్వాలు ఇచ్చేదీ, తర్వాత వాటిని తీసుకుని తీగ మీద ఆరేసేదీ ఎప్పుడూ ఆవిడే. ఒక్కోటీ లెక్కపెట్టి బల్ల మీద అయిదు పేర్చింది. కాస్త ఆగి ఇంకొకటి తీసింది. దాని మడత సరిచేసి మాస్టారి ఒళ్ళో పెట్టింది.

మాస్టారు తువ్వాలు వైపు చూశాడు. ఆవిడ ముఖం వైపు చూశాడు. అప్పటిదాకా ఎర్రగా ఉన్న ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. పెరట్లో తొట్టిలోకి నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

ఆయన మర్నాటి పేర్ల కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అయిదు పేర్ల కింద ఆరోదిగా అత్త పేరు రాసి సంతకం పెట్టాడు. కోడలు నోరు తెరుచుకుని చూస్తూండిపోయింది. కలం అక్కడితో ఆగలేదు. కింద ఇంకో వరస రాసి, కాగితం పాస్టరు గారి ముందుకు తోసి తల వంచుకున్నాడు.

పాస్టరు గారు కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"ఇదేంటి మాస్టారూ, ఏడోది మీ పేరు రాశారు?"

అత్తే మాస్టారిని వెనకేసుకొస్తున్నట్టుగా చెప్పింది.

"ఆ పొద్దున చలి బాగా ఉందిలెండి అయ్యగారూ. ఏడుగురికి తువ్వాళ్ళిచ్చాను. ఒకటి పొడిగానే తిరిగొచ్చింది."