తాబేలు తాత అరుగు

చెరువు సగం ఇంకిపోయిన ఎండాకాలంలో ఒక కప్ప తాబేలు తాత దగ్గరికొచ్చి, "కాస్త నీడ ఇవ్వు తాతా, ఒళ్లు ఎండిపోతోంది" అంది. తాత డిప్పలో తాతకే చోటు చాలదు. పాపం, కప్ప వెనక్కి వెళ్లిపోయింది.

తాత మనసు చివుక్కుమంది. గూళ్లు అల్లడంలో చేయి తిరిగిన గిజిగాణ్ణి పిలిచి, "నాయనా, నా ఇంటికి ఇంకో గది వెయ్యి" అన్నాడు.

గిజిగాడు గడ్డిపోచతో డిప్ప చుట్టూ కొలతలు తీశాడు. "గది తగిలిస్తే నువ్వు నడవలేవు తాతా. నీ ఇంటికి లేనిది గది కాదు, అరుగు."

"గది అడిగితే అరుగంటావేం?" తాతకు చిర్రెత్తింది. తల లోపలికి లాక్కున్నాడు.

గిజిగాడు పనిలోకి దిగాడు. పక్కనే ఉన్న రెల్లుదుబ్బును వంచి, తాటాకు పీచుతో కప్పు అల్లాడు. కింద తడిమట్టితో అరుగు వేశాడు.

ఆ చల్లదనానికి కప్ప తిరిగొచ్చింది. దాని వెనకే పిల్లలతో ఎండ్రకాయ వచ్చింది. కబుర్లు మొదలయ్యాయి.

తాత మెల్లగా తల బయటపెట్టాడు. "నాకు అడగడం చేతకాలేదు నాయనా. అయినా నాకేం కావాలో నువ్వు కనిపెట్టావు. చల్లగా ఉండు."

ఆ వేసవంతా ఆ తల మళ్లీ లోపలికి పోలేదు.