బోర్డు మీద రాయని పేరు

వెర్లీన్ గారూ,

మా కెంటకీ ఆసుపత్రిలో వార్డు మూసేస్తున్నారు. నేనూ మీలాగే ట్రావెల్ నర్సుగా, కొన్ని వారాల పనికి వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లాలంటే ఇరవయ్యో తేదీలోగా ఒప్పందంపై సంతకం చేయాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మీరు ట్రావెల్ నర్సుగా మా దగ్గర పనిచేసిన పదమూడు వారాలూ, ఏ రోగి గది ఏ నర్సుకో చూపే డ్యూటీ బోర్డు రాసింది నేనే. అందరికీ పేర్లు రాసి, మీకు మాత్రం "ట్రావెలర్" అని రాసేదాన్ని.

"మా జీతానికి రెండింతలు తీసుకుంటున్నావుగా, కష్టమైన గదులన్నీ నీకే!" అన్నాను.

"ఇవ్వు తల్లీ. ఆ గదుల్లో ఉన్న ముసలాళ్లు నీకంటే బాగా మాట్లాడతారు," అని నవ్వారు మీరు.

ఈ కార్డు మీద రాయడానికి మీ ఇంటిపేరు ఆఫీసులో అడగాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాకొచ్చిన ఒప్పందం మోంటానాలో ఇప్పుడు మీరు పనిచేస్తున్న వార్డుకే. అక్కడ బోర్డు రాసేది మీరేనట.

రమ్మంటారా? పద్దెనిమిదో తేదీలోగా జవాబు రాయండి.

ఓపల్