మైనం అక్కర్లేని స్కీ

ఈ నెలలో ఇది తొమ్మిదో మార్పు. ఎక్కడో మంచు కొండల మీద జనం కాళ్లకి స్కీ పలకలు కట్టుకుని జారుతుంటే, ఆ స్కీలే లోపలి సెన్సర్లతో తమ బాధలన్నీ మా అనకాపల్లి ఫ్యాక్టరీకి చెప్పేస్తాయి. మా రీసెర్చ్ ఇంజనీరు త్రినాథ్ గారు తెల్లారేసరికి కొత్త డిజైను పట్టుకొస్తారు. నిన్నంతా ఒళ్లు హూనం చేసుకుని చేసినవి మళ్లీ ముక్కలు చేయాలి.

నా పని స్కీ బాగా జారేలా అడుగున మైనం పట్టించడం. పద్దెనిమిదేళ్లుగా ఇస్త్రీ పెట్టెతో కరిగించి రుద్దుతున్నాను. మంచు నేనెప్పుడూ చూడలేదు గానీ దాని సంగతంతా నాకు తెలుసు. మొదట మంచు తడిసిపోతోందని మెత్తటి మైనం పెట్టమన్నారు. తర్వాత బురదగా ఉందని అడుగు పలక మార్చారు. పోయిన వారం రాళ్లు తగులుతున్నాయని రబ్బరు పొర వేయించారు.

ఇవాళ త్రినాథ్ గారు స్కీ తిరగేసి చూపించారు. అడుగున వరసగా చిన్న చక్రాలు.

"ఇలాంటిది మన ఫ్యాక్టరీలో ఇదే మొదటిది పైడితల్లమ్మా. ఇక మైనంతో పనే లేదు."

"స్కీని ఇన్నిసార్లు బాగుచేశారు కదా సారూ. ఆ మంచుకేమైందో ఎవరైనా చూస్తున్నారా?"

ఆయన ఒక చక్రాన్ని వేలితో తిప్పారు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

"అది మన సెక్షన్ కాదమ్మా," అన్నారు.

అలవాటు కొద్దీ పొద్దున్నే వేడికి పెట్టిన ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేశాను. దానికి అంటుకున్న మైనం మెల్లగా గడ్డకట్టి తెల్లబడింది. మంచు ఇలాగే ఉంటుందా అని అడగబోయి మానేశాను. ఆయన మాత్రం ఎక్కడ చూశారు గనక.