వినయంలో పోటీ

“ఫెమ్మీ, ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు,” అన్నాడు లుబ్బెర్ట్, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

ఆవు తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

“ఎవరితో ఆ మాటలు?”

లుబ్బెర్ట్ చటుక్కున టోపీ పెట్టుకున్నాడు. కొట్టం గుమ్మంలో పాలగిన్నెతో ఫెమ్మీ నిలబడి ఉంది.

“ఎవరితోనూ కాదు. వాక్యం వల్లె వేసుకుంటున్నా.”

“ఆవుకి బోధ చేస్తున్నారేమో అనుకున్నాను పెద్దగారూ. పోన్లెండి, అదైనా కునుకు తీయకుండా వింటుంది.”

ఊళ్లో చర్చి సంఘం ఒకటిగా ఉన్నప్పుడు ఆర్గన్ వాయించింది ఈ ఫెమ్మీయే. ఇరవై రెండేళ్ల కిందట దావీదు కీర్తనల దగ్గర తగువు వచ్చింది. స్వరానికో ఊపిరి చొప్పున నిదానంగా పాడాలని కొందరు, తాళం ప్రకారం చురుగ్గా పాడాలని కొందరు పట్టుబట్టారు. సంఘ సమావేశంలో లుబ్బెర్ట్ లేచి, “అలా పరుగెత్తించి వాయించే చేతులకి దైవభయం లేదు,” అన్నాడు. ఫెమ్మీ ఆర్గన్ మూత వేసి బయటికి నడిచింది. సగం ఊరు ఆమె వెంట నడిచింది. ఏడాది తిరక్కుండా కాలువ అవతల కొత్త మందిరం లేచింది.

ఆ తర్వాత లుబ్బెర్ట్ ఆమెతో వానల గురించి మాట్లాడాడు, ఆవుల గురించి, బంగాళాదుంపల గురించి మాట్లాడాడు. ఆ ఒక్క మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. సంఘ పెద్ద తలవంచితే సంఘం పరువేం కావాలని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. సంఘానికి అంత పరువుందని అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పెంతెకొస్తు పండగ మర్నాడు, సోమవారం, రెండు సంఘాలూ పాత మందిరంలో కలిసి ఆరాధించబోతున్నాయి. ఆర్గన్ వాయించేది ఫెమ్మీ, పాట ఎత్తుకునేది లుబ్బెర్ట్. ఆరాధన సవ్యంగా సాగితే కలిసిపోదామా అని చేతులెత్తించి అడుగుతారు. సాగకపోతే తను బతికుండగా ఆ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తరని లుబ్బెర్ట్‌కి తెలుసు.

“సోమవారం కీర్తన ఏ వేగంలో వాయిస్తావు?” అడిగాడు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

“మీరు ఏ వేగంలో పాడిస్తారు?”

“దేవుడి చిత్తం.”

“నా వేగమూ ఆయన చిత్తమే,” అని పాలు పోసుకుని వెళ్లిపోయింది.

లుబ్బెర్ట్ లోలోపల నవ్వుకున్నాడు. అతని దగ్గర రహస్యం ఉంది. మూడు వారాలుగా గురువారం సాయంత్రాలు తలుపులు మూసి, తన సంఘానికి చురుకు పాట నేర్పిస్తున్నాడు. “అవతలివాళ్ల పద్ధతిలో మనం పాడదాం. తగ్గినవాడే పెద్ద,” అని చెప్పాడు. ముసలివాళ్లకి ఆయాసం వచ్చినా నేర్చుకున్నారు. సోమవారం ఆ వినయం చూసి ఫెమ్మీ కళ్లు తుడుచుకుంటుందని, తనంత తగ్గించుకున్నవాడు ఈ మండలంలోనే లేడని ఊరు చెప్పుకుంటుందని అతను ఊహించుకున్నాడు. ఆ ఊహలో తను కాస్త పొడుగ్గా కూడా కనిపించాడు.

సోమవారం మందిరం కిక్కిరిసింది. జ్వొల్లె పట్నం నుంచి కొత్తగా పిలిపించిన కుర్ర పాస్టరు కీర్తన సంఖ్య చెప్పాడు. లుబ్బెర్ట్ గుండెనిండా గాలి పీల్చి ఎత్తుకున్నాడు.

పాత సంఘం పరుగందుకుంది. ఆర్గన్ మాత్రం మొదటి స్వరం మీదే కూర్చుంది. కొత్త సంఘం ఆ స్వరాన్నే పట్టుకుని, కళ్లు మూసుకుని, భక్తిగా సాగదీస్తోంది.

లుబ్బెర్ట్‌కి అర్థమయ్యేసరికి చెమట పట్టింది. ఆవిడా తగ్గింది! మూడు వారాలుగా ఆవిడా వాళ్లవాళ్లకి నిదానం నేర్పింది!

తగ్గడంలో ఓడిపోకూడదని అతను గబుక్కున పాట నిదానించాడు. సరిగ్గా అప్పుడే ఆర్గన్ పరుగందుకుంది. అతను వేగం పెంచాడు, ఆర్గన్ నిదానించింది. సంతలో ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఒకే పక్కకి జరిగి ఢీకొట్టుకునే ఇద్దరిలా తయారైంది కీర్తన. ముందు బెంచీలో తొంభై ఏళ్ల ముసలమ్మ నోట్లో పిప్పరమెంటు బిళ్ల జారి కింద పడింది. ఆమె పకపకా నవ్వింది. ఆర్గన్ ఆగిపోయింది.

లుబ్బెర్ట్ నిలబడి ఉన్నాడు. ఆవు దగ్గర వల్లె వేసిన పద్నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. వినయంలో కూడా గెలవాలని బయల్దేరిన తన బుద్ధి చూసి తనకే సిగ్గేసింది.

“ఫెమ్మీ,” అన్నాడు ఆర్గన్ వైపు తిరిగి. “తప్పు నాది. ఆ రోజు అది దైవభయంతో అన్న మాట కాదు. నాకన్నా నీకు పాట బాగా వచ్చని, జనం నీ వేలి వెంట నడుస్తారని కుళ్లుతో అన్నాను.”

ఫెమ్మీ ఆర్గన్ మీంచి చేతులు తీసింది.

“ఇరవై రెండేళ్లు,” అంది. “మీ కీర్తనే నిదానమనుకున్నాను పెద్దగారూ, మీ క్షమాపణ అంతకన్నా నిదానం.” కళ్లు తుడుచుకుంది. “మూత వేసి వెళ్లిపోయినందుకు నన్నూ క్షమించండి. ఆ రోజు మీరు వెనక నుంచి పిలుస్తారేమోనని వాకిట్లో కాసేపు నిలబడ్డాను.”

తర్వాత ఆర్గన్ లేకుండానే అందరూ పాడారు. ఏ వేగంలో పాడారో ఎవరూ గమనించలేదు. పాస్టరు అడగ్గానే చేతులన్నీ లేచాయి.

అందరూ బయటికి వస్తుంటే కుర్ర పాస్టరు గుమ్మం దగ్గర లుబ్బెర్ట్ చెయ్యి పట్టుకుని ఆపాడు. అతని కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

“మాటతో సరిపెట్టకండి పెద్దగారూ. ఈ పూటే ఆ సహోదరిని మీ ఇంటికి భోజనానికి పిలవండి. ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే కదా ఐక్యత!”

లుబ్బెర్ట్ బుర్ర గోక్కున్నాడు.

“పిలవడం దేనికండీ, మా ఆవిడేగా!”