లిఫ్టు పక్కన తలకాయ

మేనేజ్‌మెంటువారూ, చప్పట్లు కొట్టింది మీరే, తప్పించుకోకండి. మెదడులోని రక్తనాళాల బొమ్మను అరగంటకు బదులు నాలుగే నిమిషాల్లో తీసే కొత్త ఎమ్మారై మిషన్ వచ్చిందని, ప్రారంభోత్సవం రోజు తెర మీద మొదటి స్కాన్ చూసి మురిసిపోయారు. ఆ బొమ్మనే పోస్టరు చేసి ఆసుపత్రి లిఫ్టు పక్కన అంటించారు.

ఏడు నెలల తర్వాత, ఇక్కడ స్కాన్లు చదివే ఒకే ఒక్క డాక్టరుగారు లిఫ్టు కోసం నా పక్కన నిలబడి అటు చూశారు.

"ఇదెవరి తలకాయమ్మా? రక్తనాళం బుడగలా ఉబ్బిపోయింది! ఎవరూ చూడలేదా?"

"ఊరంతా చూసింది సార్. తలకాయ నాదే. మిషన్ నడిపేదాన్ని కదా, మొదటి స్కాన్‌కి ఊరికే దొరికాను."

రేపు నాకు ఆపరేషన్. నా డిమాండ్లు ఇవి:

స్కాన్లు చదవడానికి ఇంకో డాక్టర్ని వేయండి.

తీసిన ప్రతి స్కానూ చదివించండి, ప్రదర్శన కోసం తీసిందైనా సరే.

నేను తిరిగొచ్చేలోగా ఆ పోస్టరు దించండి.