ఒప్పుకోని పేషెంటు

“మళ్లీ మనసేనా? ఛీ! ఇన్ని మెషీన్లు వచ్చాక కూడా ఈ సోది ఏంటయ్యా?” అంటూ మెదడు డాక్టరు తన బావమరిది మీద ఒంటికాలిపై లేచాడు.

బావమరిది మనసు డాక్టరు. చిన్నప్పటి ఏడుపులు, అణచుకున్న భయాలు, పాత కలలు అడిగి అడిగి వైద్యం చేస్తాడు. పుర్రెలు కోసే బావగారికి అలాంటి వైద్యం పూచికపుల్లతో సమానం.

“తిట్టండి బావగారూ, కానీ ముందు ఇది తేల్చండి,” అంటూ మనసు డాక్టరు స్కాన్ ఫిల్మ్ అందించాడు. “ఈ పేషెంటుకి పక్షవాతం. ఎడమ చెయ్యి పడిపోయింది. ఆయనేమో చెయ్యి భేషుగ్గా ఉంది, ఇవాళే డ్యూటీకి వెళ్తానని మొండికేశాడు. ఆయన చేతుల్లో జనం ప్రాణాలుంటాయి. ఎలాగైనా ఆపాలి.”

మెదడు డాక్టరు ఫిల్మ్ లాక్కుని కిటికీ వెలుగుకి పట్టాడు. “ఇదిగో, కుడివైపు మచ్చ. అక్కడి మెదడు రక్తం అందక చచ్చింది. చెయ్యి పోయిందని తెలుసుకునే భాగమే పోతే వాడికెలా తెలుస్తుంది? మధ్యలో మనసెందుకు, నీ తలకాయ!”

“మచ్చ ఉంది, కాదనను. కానీ నిన్న పరీక్ష కోసం చెవిలో చన్నీళ్లు పోస్తే, చెయ్యి పోయిందని ఆయనే చెప్పి ఏడ్చాడు. పది నిమిషాలకి మళ్లీ మొదటికొచ్చాడు. అంటే లోపల తెలుసు, తట్టుకోలేక దాచుకుంటున్నాడు. మీ మచ్చ, నా మనసు కలిస్తేనే ఇది అర్థమవుతుంది.”

“కలవడమా? నీతోనా?” పకపకా నవ్వాడాయన.

“వాడు చెప్పేది కాస్త వినండి,” అంది పక్కనే కూర్చున్న భార్య.

“నువ్వు నోర్మూసుకో! అక్కాతమ్ముళ్లిద్దరికీ కలిపి ఒకటే బుర్ర.”

“సరే, ఆయనకి ఎలా చెప్పమంటారు?” అడిగాడు మనసు డాక్టరు.

“చెప్పడమేంటి? స్కాన్ మొహాన కొట్టు. చదువుకున్నవాడేనా?”

“చాలా.”

“అయితే చూడగానే దారికొస్తాడు. సాక్ష్యం కళ్లముందు పెట్టుకుని కాదనేంత వెధవ ఇంకా పుట్టలేదు. ఇక అడ్డు లే, పదింటికి నాకు ఆపరేషనుంది.”

మనసు డాక్టరు అక్క వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఒక్కసారి మీ ఎడమ చెయ్యి ఎత్తండి, బావగారూ.”

“ఎత్తే ఉందిగా, కళ్లు కనపడట్లేదా?” అని గయ్యిమన్నాడాయన, ఆస్పత్రి మంచం మీద చచ్చుబడి ఉన్న తన ఎడమ చేతిని భార్య గుండెకి హత్తుకుని ఏడుస్తుంటే.